మూస మీద నేరం మోపకండి

"జపాన్ వాళ్ళ రంగుల వీరుల సీరియళ్ళన్నీ ఒకే మూస కదండీ!" అని మా బేగంపేట కుర్రకారు ఎకసెక్కమాడతారు. నిజమే. 1975లో ‘గోరెంజర్’తో ఐదుగురి జట్టు మొదలైంది. 1979లో ‘బ్యాటిల్ ఫీవర్ జె’ భారీ మరమనిషిని తెచ్చింది. ఇక దశాబ్దాలు అదే వరస!

మరి మన ‘పాతాళభైరవి’ (1951)? రాకుమారి, మాంత్రికుడు, సాహసి... అదీ మూసే. కానీ కోరికలు తీర్చే ప్రతిమ మాంత్రికుడి చేతికి చిక్కాక దారి చూపింది అంజిగాడి తెలివి. అందగాడివవుతావని ఉబ్బేసి గడ్డం తీయించాడు, శక్తి కాస్తా పోయింది!

జట్టులో ఒకడి భయమో, అలకో తీరాకే మరమనిషి కదిలితే ఆ కథా రక్తికడుతుంది. ఊరికే కత్తి దూసి గెలిస్తే పిల్లలు చప్పట్లు కొట్టి మరిచిపోతారు. అంజిగాణ్ణి మరిచామా, చెప్పండి?