నోట్లో నిలిచేదే మంచి మౌత్‌గార్డ్

కొత్త షూస్ కొనాలంటే వారం రోజులు రివ్యూలు చూస్తాం. ఫోన్ కొన్న రోజే పౌచ్, స్క్రీన్ గార్డ్ వేయిస్తాం. అదే కబడ్డీ కోర్టులోకో, హాకీ గ్రౌండ్‌లోకో దిగేటప్పుడు ‘మరి పళ్ల సంగతేంటి?’ అని ఎవరైనా అడిగితే నవ్వేస్తాం. పగిలిన స్క్రీన్ మార్చుకోవచ్చు. ఊడిన శాశ్వత దంతం మాత్రం మళ్లీ మొలవదు. ఇంప్లాంట్ పెట్టించుకున్నా అందుకయ్యే ఖర్చు, తిరుగుళ్లు మామూలుగా ఉండవు.

మౌత్‌గార్డ్ అంటే బాక్సర్ల వ్యవహారమని చాలామంది అనుకుంటారు. అది పుట్టింది అక్కడే. 1890లో లండన్ డెంటిస్ట్ వూల్ఫ్ క్రాస్ బాక్సర్ల పెదవులు చిట్లకుండా గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో పట్టీ చేసి పైపళ్ల మీద అమర్చాడు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె అయినా, మొన్నే గ్లవ్స్ వేసుకున్న కుర్రాడైనా గార్డ్ లేకుండా బౌట్‌కు దిగడానికి వీల్లేదు. కానీ దెబ్బ ఏ ఆట అని చూసి తగలదు కదా! కబడ్డీలో కాలు పట్టిన డిఫెండర్ మొహానికి రైడర్ మోకాలు తగలొచ్చు. హాకీలో స్టిక్, బాస్కెట్‌బాల్‌లో రీబౌండ్ కోసం ఎగిరినప్పుడు పక్కవాడి మోచెయ్యి.. అన్నీ మూతి ఎత్తుకే వస్తాయి.

గార్డ్ పెట్టుకుంటే నిజంగా తేడా ఉంటుందా? న్యూజిలాండ్ అనుభవం చూడండి. అక్కడ 1997 నుంచి 19 ఏళ్లలోపు రగ్బీ ఆటగాళ్లకు, 1998 నుంచి దేశవాళీ ఆటగాళ్లందరికీ మౌత్‌గార్డ్ తప్పనిసరి చేశారు. 1995 - 2003 మధ్య రగ్బీలో పళ్ల గాయాల బీమా క్లెయిములు 43 శాతం తగ్గాయి.

ఉద్యోగం కోణం కూడా ఉంది. ఆర్మీ ర్యాలీకి సిద్ధమవుతున్నవాళ్లు రన్నింగ్, పుల్ అప్స్ లెక్కలు గుక్కతిప్పుకోకుండా చెబుతారు. మెడికల్‌లో పళ్లకూ పాయింట్లుంటాయని ఎంతమందికి తెలుసు? మొత్తం 22లో కనీసం 14 డెంటల్ పాయింట్లు ఉండాలి. ముందుపళ్లకు ఒక్కోటి, దవడపళ్లకు రెండేసి. కింది పన్నుతో పైపన్ను సరిగ్గా కలిస్తేనే ఆ పాయింటు లెక్క. ఒక్క పన్ను పోయినంత మాత్రాన సెలక్షన్ పోదు, భయపడొద్దు. కానీ ఆటలో రాణించి యూనిఫాం వేసుకోవాలనుకునేవాళ్లు అదే ఆటలో పళ్లు పోగొట్టుకోవడం ఎందుకు?

ఏది కొనాలి?

గార్డ్ పనిచేసే పద్ధతి సింపుల్. ఒక పన్ను మీద పడాల్సిన దెబ్బను పక్కపళ్లకూ పంచుతుంది. మెత్తగా ఉంటుంది కాబట్టి దెబ్బ తగిలి ఆగే సమయాన్ని కాస్త పెంచుతుంది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ చేసే పనే ఇది. అయితే పళ్లకు అతుక్కుని ఉంటేనే ఈ పంపకం జరుగుతుంది. వదులుగా ఉన్నది అసలు సమయానికి నోట్లోంచి జారిపోతుంది. అందుకే ధర, రంగు, బ్రాండ్ అన్నీ తర్వాత. ముందు చూడాల్సింది ఫిట్టింగ్.

మార్కెట్లో మూడు రకాలున్నాయి. మొదటిది రెడీమేడ్. ప్యాకెట్ విప్పి పెట్టుకోవడమే. చవకే గానీ, నోరు మూసి పళ్లతో బిగపట్టుకుంటే తప్ప నిలవదు. దీన్ని వదిలేయండి. రెండోది వేడినీళ్లలో మెత్తబరిచి, కొరికి అచ్చు వేసుకునేది. వందల్లోనే దొరుకుతుంది. కాలేజీ స్థాయి ఆటగాళ్లలో ఎక్కువమందికి ఇది చాలు, సరిగ్గా అచ్చు వేసుకుంటే. మూడోది డెంటిస్ట్ దగ్గర చేయించుకునేది. పళ్ల అచ్చు తీసుకుని, దాని మీద ఈవీఏ అనే ప్లాస్టిక్ షీటును వేడిచేసి నొక్కి తయారుచేస్తారు. ఖర్చు వేలల్లోకి వెళ్లొచ్చు. కానీ ఫిట్టింగ్‌లో దీనికి సాటి లేదు. బాక్సింగ్, ఎంఎంఏ, రగ్బీ సీరియస్‌గా ఆడేవాళ్లు దీనికే డబ్బు దాచుకోవాలి.

పళ్లకు క్లిప్పులున్నవాళ్లు మామూలుది కొనొద్దు. పళ్లు కదులుతుంటాయి కాబట్టి బిగుతు అచ్చు పనికిరాదు. క్లిప్పుల కోసమే చేసిన రకాన్ని మీ డాక్టర్‌ను అడిగి తీసుకోండి. ఇంకో మాట, బాక్సర్లు ఎరుపు రంగు కొనకండి. నోట్లో రక్తం వచ్చినా కనపడదని టోర్నీల్లో ఒప్పుకోరు.

మందం విషయంలో చాలామంది మోసపోతారు. ముందుపళ్ల దగ్గర 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. అంతకు మించితే రక్షణ పెద్దగా పెరగదు, ఊపిరి మాత్రం ఇబ్బంది. ప్యాకెట్ మీద ఉన్న అంకె అచ్చు వేయక ముందుది. మెత్తబడ్డాక కసిగా కొరికితే అది బాగా పలచబడిపోతుంది. కాబట్టి ప్యాకెట్ మీద రాసినంతసేపే నీళ్లలో ఉంచండి. అద్దం ముందు నిలబడి పైపళ్లకు అమర్చి, మెల్లగా కొరికి పట్టుకోండి. పెదాల పైనుంచి వేళ్లతో నొక్కుతూ, లోపలి గాలి పీల్చేస్తూ, నాలుకతో అంగిలి వైపు అదమండి. తర్వాత చన్నీళ్లలో వేయండి.

మూడు పరీక్షలు

అచ్చు వేశాక మూడు పరీక్షలు పెట్టండి. ఒకటి, నోరు తెరిచి తల కిందికి వంచండి. గార్డ్ ఊడిపడితే అచ్చు కుదరనట్టే. రెండు, నోటితో గాలి పీలుస్తూ గ్రౌండ్‌కు రెండు రౌండ్లు కొట్టండి. వాంతి వచ్చినట్టు అనిపిస్తే వెనుక భాగం ఎక్కువైంది, కొద్దికొద్దిగా కత్తిరించాలి. దవడపళ్లు బయటపడేంత కత్తిరిస్తే మొదటికే మోసం. మూడోది అచ్చంగా మన పరీక్ష. ‘కబడ్డీ కబడ్డీ’ అని 30 సెకన్లు ఆపకుండా కూత పెట్టండి. రైడ్ గడువు అంతే కదా! రిఫరీకి కూత వినపడకపోతే పాయింటు పోతుంది. కూత స్పష్టంగా వస్తే మీ గార్డ్ ఏ ఆటకైనా పనికొస్తుంది.

ప్రకటనలతో జాగ్రత్త. ‘మెదడుకూ రక్షణ’ అని రాసుంటే నమ్మి ఎక్కువ డబ్బు పెట్టకండి. తలకు దెబ్బ తగిలి మెదడు అదరడాన్ని మౌత్‌గార్డ్ ఆపుతుందనడానికి గట్టి రుజువు లేదు. రుజువు లేకుండా ఇలా చెప్పుకున్న ఒక కంపెనీ మీద 2012లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. వరల్డ్ రగ్బీ 2024 నుంచి పెద్ద మ్యాచుల్లో వాడుతున్న స్మార్ట్ మౌత్‌గార్డులు వేరే సంగతి. వాటిలోని సెన్సర్లు తలకు తగిలిన కుదుపును కొలిచి డాక్టర్లకు అలర్ట్ పంపుతాయి. అవి కుదుపును కొలుస్తాయి, ఆపవు. గార్డ్ ఉన్నా సరే, తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగితే ఆట ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

వాడాక చన్నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడిగి, గాలి ఆడే డబ్బాలో పెట్టండి. మన ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీదో, బైక్ డిక్కీలోనో వదిలేస్తే ఆకారం మారిపోతుంది. ఒకరిది ఒకరు వాడొద్దు. చిరిగినా, వదులైనా మార్చేయండి.

అయినా పన్ను ఊడితే? తెల్లటి పైభాగమే పట్టుకోండి, వేరును ముట్టుకోవద్దు. మట్టి అంటితే పాలతోనో నీళ్లతోనో ఒక్కసారి కడిగి, అదే చోట పెట్టి గుడ్డ కొరికి పట్టుకోండి. కుదరకపోతే చల్లటి పాలలో వేయండి. గేటు దగ్గరి టీ కొట్టులో పాల ప్యాకెట్ దొరకదా! మరిగించినవి మాత్రం వద్దు. గంటలోపు, వీలైతే అరగంటలోనే డెంటిస్ట్ దగ్గర ఉండాలి. చిన్నపిల్లల పాలపళ్లను మాత్రం తిరిగి పెట్టకూడదు.

చివరగా కాలేజీలకు, కోచ్‌లకు ఒక మాట. స్పోర్ట్స్ మీట్ అనగానే టీషర్టులకు, ట్రోఫీలకు, ఫ్లెక్సీలకు డబ్బులు కేటాయిస్తారు. కిట్ లిస్టులో మౌత్‌గార్డ్ ఉండదు. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, ప్రైవేటువి మరెన్నో. జట్టు మొత్తానికి ఒకేసారి అచ్చులు తీసే క్యాంపు పెట్టమని పీడీ సారు ఒక లెటర్ రాస్తే పోయేదేముంది? సీజన్ మొదలయ్యే ముందే అడగండి. కెప్టెన్ అడిగితే కాదనే ప్రిన్సిపాల్ కూడా, జట్టంతా వెళ్లి అడిగితే ఆలోచిస్తారు.