దడ పుట్టి పడిపోతే నీరసమేనా?

ఇంట్లో ఆడవాళ్ళెవరైనా కళ్ళు తిరిగి పడిపోతే మనకి ముందుగా తోచేది ఉపవాసం, లేదంటే రక్తం తక్కువ. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ పడిపోయే ముందు గుండె దడదడలాడిందా అని మాత్రం ఎవరూ అడగరు! ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

గుండెలో పై గదులు రెండూ కర్ణికలు, కింది గదులు రెండూ జఠరికలు అని మీ పిల్లల సైన్సు పుస్తకంలో చూసే ఉంటారు. రక్తాన్ని ఒంటికీ, ఊపిరితిత్తులకీ తోసేవి జఠరికలే. కొట్టుకోమనే ఆజ్ఞ కుడి కర్ణికలో పుట్టి కిందికి దిగాలి. ఒక్కోసారి ఆ ఆజ్ఞ రాకుండానే జఠరిక తొందరపడి కొట్టేస్తుంది. అప్పుడే 'గుండె జారినట్టయింది' అంటాం. నిద్ర చాలకపోయినా, కాఫీలు ఎక్కువైనా ఇలా ఒకటీ అరా వస్తుంటాయి. గుండె జబ్బేమీ లేనివాళ్ళు వీటికి హడలిపోనక్కర్లేదు.

అవే వరసగా మూడో, అంతకు మించో, నిమిషానికి 100 దాటిన వేగంతో వస్తే దాన్ని వెంట్రిక్యులర్ టాకికార్డియా అంటారు. చెంబు నిండకుండానే గబగబా ముంచి పోస్తే బిందె ఎప్పటికి నిండుతుంది? ఇక్కడా అంతే. జఠరిక నిండే వ్యవధి ఉండదు, మెదడుకి రక్తం చాలదు, మనిషి తూలిపోతుంది. ఇదివరకు గుండెపోటు వచ్చినవాళ్ళలో, గుండె కండరం బలహీనపడ్డవాళ్ళలో ఇది ఎక్కువ.

ఇందులోనే ఆడవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన రకం ఒకటుంది. 1966లో డెసెర్టెన్ అనే ఫ్రెంచి డాక్టరు దీన్ని వర్ణించి 'టోర్సాడ్ ద పోయింట్' అని పేరు పెట్టాడు. ఇ.సి.జి.లో గీత పురి తిప్పిన తాడులా కనిపిస్తుంది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధమవడానికి ఆడవాళ్ళలో మగవాళ్ళకన్నా కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయం ఇంకా పెరిగితేనే చిక్కు. ఎరిత్రోమైసిన్, వాంతులకిచ్చే డోంపెరిడోన్, మానసిక జబ్బులకి వాడే కొన్ని మందులు దాన్ని పెంచగలవు. విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోయినా అంతే. అలాగని డాక్టరు రాసిన మందు మీకై మీరు మానెయ్యకండి. ముందునుంచీ ఏం వాడుతున్నారో ఆయనకి చెప్పండి, చాలు. పక్కింటావిడ మిగిల్చిన మాత్రలు మింగడం మాత్రం వద్దు.

కొందరికి ఈ లోపం పుట్టుకతోనే వస్తుంది. దానిలోనూ రకాలున్నాయి. ఒక రకంలో పరుగెత్తినా, ఈత కొట్టినా పడిపోతారు. ఇంకో రకంలో నిద్రలో అలారం మోగినా, ఫోన్ గణగణమన్నా చాలు! కాన్పయిన తర్వాతి నెలల్లో ఈ రెండో రకం మరీ జాగ్రత్తగా చూసుకోవలసింది. పడిపోయినప్పుడు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి కనుక ఫిట్స్ అనుకుని ఏళ్ళతరబడి ఆ మాత్రలే వాడినవాళ్ళున్నారు. మన ఊళ్ళల్లో అయితే గాలి సోకిందని తాయెత్తూ కడతారు. ఒక్క ఇ.సి.జి. తీయిస్తే అనుమానం పుట్టేది. ఒకసారి బాగానే ఉందన్నా వదిలెయ్యకుండా గుండె డాక్టరుకి చూపించండి.

మందులున్నాయి. అవి చాలనివాళ్ళకి ఛాతీలో చిన్న పరికరం అమరుస్తారు. లయ చెడగానే అదే షాక్ ఇచ్చి సరిచేస్తుంది. మిషెల్ మిరోవ్‌స్కీ బృందం తయారుచేసిన ఈ పరికరాన్ని 1980లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొదటిసారి మనిషికి అమర్చారు.

అన్నిటికన్నా ప్రమాదం వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. జఠరికలు కొట్టుకోవు, ఊరికే వణుకుతాయి. రక్తం కదలదు. మనిషి పిలిస్తే పలకదు, ఊపిరి ఉండదు, లేదా ఎగశ్వాసలా ఉంటుంది. అప్పుడు తాళాలగుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్ళు పొయ్యడం... వీటితో గడిచే ప్రతి నిమిషం ప్రాణం మీదికి తెస్తుంది. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఇంకొకరు మనిషిని పరుపు మీద కాకుండా గచ్చు మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మధ్య ఎముక మీద రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి వేసి, రెండంగుళాలు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. షాక్ ఇచ్చేవాళ్ళు వచ్చేదాకా ఆపకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. పుట్టింటివైపు చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అమ్మనడిగి మరీ వెళ్ళండి. 'నిద్రలోనే పోయాడు', 'చెరువులో ఈదుతూ మునిగిపోయింది' అని వాళ్ళు చెప్పుకునే మాటలు కూడా ఆయనకి చెప్పండి.