కొత్త బండికి చమురు కారితే రుజువు భారం ఎవరిది?

జంషెడ్‌పూర్: కొత్త మోటారు సైకిలు కొని నెల తిరగకముందే ఇంజను కింద చమురు మరక కనిపిస్తే, కొనుగోలుదారు ముందుగా చేతికి తీసుకునేది వారంటీ పుస్తకాన్నే. అయితే ఆ పుస్తకం ఇచ్చే హామీ చాలామంది భావించేంత విస్తృతమైనది కాదు. లోపమున్న భాగాన్ని ఉచితంగా బాగుచేయడం లేదా మార్చడం వరకే సాధారణంగా దాని పరిధి. బండినే మార్చి ఇవ్వాలన్నా, చెల్లించిన సొమ్ము వాపసు కావాలన్నా తయారీలోనే లోపమున్నదని రుజువు చేయవలసిన భారం కొనుగోలుదారుపై పడుతున్నది. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం అనేక వెసులుబాట్లు కల్పించినప్పటికీ, ఈ విషయంలో పరిస్థితి పెద్దగా మారకపోవడం గమనార్హం.

ఈ సమస్యను జంషెడ్‌పూర్ నుంచి పరిశీలిస్తే అందులోని వైచిత్రి మరింత స్పష్టమవుతుంది. 1945లో టెల్కో స్థాపనతో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో మొదలైన ట్రక్కుల ఉత్పత్తితో ఈ నగరం వాహన పరిశ్రమకు కేంద్రమైంది. పక్కనే ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని అనేక చిన్న పరిశ్రమలు వాహన విడిభాగాలను తయారు చేస్తున్నాయి. ఆయిల్ సీలు ఎందుకు కారుతుందో చూసి చెప్పగల పనివారికి ఇక్కడ కొదవ లేదు. కానీ వారి నోటిమాటకు వినియోగదారుల కమిషన్ ముందు నిపుణుల నివేదికకున్న విలువ ఉండదు. పైగా అధీకృత సర్వీసు కేంద్రం కాని చోట ఇంజను విప్పించిన పక్షంలో వారంటీయే రద్దయ్యే ప్రమాదముంది.

కారేది ఏమిటి?

మోటారు సైకిలు నుంచి కారే ద్రవాలన్నీ ఒకటి కావు. ఇంజను ఆయిలు తేనె రంగులో గానీ, వాడకం పెరిగాక నల్లగా గానీ ఉంటుంది. గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోవడం, ఆయిల్ సీలు అంచు దెబ్బతినడం, సర్వీసులో డ్రెయిన్ బోల్టు కింది వాషరు మార్చకపోవడం దీనికి సాధారణ కారణాలు. ముందు ఫోర్కు గొట్టాలపై జిడ్డు చేరితే అక్కడి సీలు పాడైనట్లు భావించవచ్చు. కూలెంటు ఆకుపచ్చ, గులాబీ వంటి రంగుల్లో ఉంటుంది. బ్రేకు ద్రవం లేత పసుపు రంగులో ఉండి, పడినచోట రంగును తినివేస్తుంది. పెట్రోలును వాసనే పట్టిస్తుంది.

వీటిలో కొన్ని ప్రాణాపాయానికి దారితీయగలవు. బ్రేకు ద్రవం తగ్గితే బ్రేకు పట్టు తప్పుతుంది. ఫోర్కు ఆయిలు బ్రేకు డిస్కు మీదికి, ఇంజను ఆయిలు వెనుక టైరు మీదికి చేరినా బండి అదుపు తప్పవచ్చు. పెట్రోలు కారడం అగ్నిప్రమాదానికి మూలం. ఈ లక్షణాలు కనిపించినప్పుడు బండిని నడుపుకుంటూ సర్వీసు కేంద్రానికి వెళ్లడం కంటే అక్కడికక్కడే నిలిపివేసి వారికి కబురు చేయడం శ్రేయస్కరం. కాగా, భాగాలు బిగించేటప్పుడు పూసిన గ్రీజు తొలి రోజుల్లో కొంత బయటికి రావడం లోపం కాదు. జిడ్డును శుభ్రంగా తుడిచి, ఆ చోట కొద్దిగా టాల్కం పౌడరు చల్లి, కొన్ని కిలోమీటర్లు నడిపి చూస్తే తడి ఎక్కడ మొదలవుతున్నదో తెలుస్తుంది. దానిని తేదీతో సహా ఫొటో తీసి ఉంచుకోవడం తరువాతి దశలో ఉపకరిస్తుంది.

జాబ్‌కార్డే కీలకం

సర్వీసు కేంద్రంలో ఇచ్చే జాబ్‌కార్డుపై ఏమి రాశారన్నదే చాలా వివాదాల్లో కీలకాంశమవుతున్నది. కొనుగోలుదారు ‘చమురు కారుతున్నది’ అని చెబితే, కార్డుపై ‘సాధారణ తనిఖీ’ అని రాసే అవకాశముంది. బోల్టు బిగించి, తుడిచి పంపిన ప్రతిసారీ లోపం కాగితంపై కనిపించకుండా పోతుంది. మూడుసార్లు తిరిగిన తరువాత కూడా మొదటిసారి వచ్చినట్లే లెక్క. అందువల్ల లోపాన్ని స్పష్టంగా రాయించి, కిలోమీటర్ల సంఖ్య, తేదీ నమోదు చేయించి, నకలు తీసుకున్న తరువాతే తాళంచెవి అప్పగించడం మంచిది. ఏ భాగం మార్చినదీ తెలిపే బిల్లు, అది సున్నా రూపాయల బిల్లయినా సరే, భద్రపరచుకోవాలి. డీలరుకు, తయారీ సంస్థకు ఒకేసారి లిఖితపూర్వకంగా తెలియజేయడం మరింత ముఖ్యం.

న్యాయస్థానాల వైఖరి

ఈ జాగ్రత్తలకు కారణం న్యాయస్థానాల తీర్పుల్లో కనిపిస్తుంది. మారుతి ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన కేసులో 2006లో తీర్పు చెబుతూ, లోపమున్న భాగాలను మార్చడానికే వారంటీ పరిమితమైనప్పుడు మొత్తం వాహనాన్ని మార్చాలని ఆదేశించడం తగదని సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. తయారీ లోపాన్ని నిపుణుల అభిప్రాయంతో నిరూపించవలసిన బాధ్యత ఫిర్యాదుదారుదేనని జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా పేర్కొన్నది.

జంషెడ్‌పూర్‌లోనే తొలి కర్మాగారాన్ని నెలకొల్పిన టాటా మోటార్స్‌కు సంబంధించిన మరో కేసు ఇక్కడ ప్రస్తావనార్హం. గోవాలో ఒక డీలరు 2009లో తయారైన కారును 2011లో కొత్త కారుగా విక్రయించిన వివాదంలో, డీలరు చర్య తయారీ సంస్థకు తెలుసునని రుజువు కానందున ఆ సంస్థను బాధ్యురాలిని చేయలేమని 2021 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తీర్పునిచ్చింది. అంటే ఎవరి తప్పు ఎంతన్నది విడివిడిగా చూపవలసి ఉంటుంది. ఫిర్యాదులో డీలరును, తయారీ సంస్థను ఇద్దరినీ చేర్చి, ఒక్కొక్కరికి ఎప్పుడు ఏమి తెలియజేసినదీ వివరించడం ఇందువల్లనే అవసరమవుతున్నది.

కొత్త చట్టంలో వెసులుబాట్లు

1986 నాటి చట్టం కింద ఎదుటి పక్షం వ్యాపారం చేసే చోట గానీ, వివాదానికి కారణం తలెత్తిన చోట గానీ ఫిర్యాదు చేయవలసి వచ్చేది. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట కూడా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. ఉక్కు కర్మాగారాన్ని ఆశ్రయించి ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఎంతో ఉపయోగకరం. సెలవులకు స్వగ్రామం వెళ్లినప్పుడు శ్రీకాకుళంలోనో, విశాఖపట్నంలోనో బండి కొన్నవారు ఇకపై ఫిర్యాదు కోసం రైలెక్కవలసిన అవసరం లేదు. తూర్పు సింగ్‌భూం జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు.

5 లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు లేదు. మోటారు సైకిళ్లలో అత్యధికం ఈ పరిధిలోకే వస్తాయి. స్వయం ఉపాధి కోసం కొన్నవారు కూడా వినియోగదారులే కనుక, పార్సిళ్లు చేరవేసి జీవించే యువకులకూ ఈ రక్షణ వర్తిస్తుంది. బండి షెడ్డులో ఉన్న ప్రతి రోజూ వారికి కూలి లేని రోజే. 1915 నంబరుపై జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని సంప్రదించి, ముందుగా రాజీకి ప్రయత్నించే అవకాశమూ ఉంది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువున్నది. వారంటీ అయిదేళ్లు ఉన్నదన్న ధీమాతో ఈ గడువును దాటనివ్వడం నష్టదాయకం.

అయితే పరీక్ష అవసరమైన కేసుల్లో వస్తువును ప్రయోగశాలకు పంపేందుకు అయ్యే రుసుమును ముందుగా ఫిర్యాదుదారు చేత కట్టించవచ్చు. ఇటువంటి కేసులను 5 నెలల్లో, పరీక్ష అవసరం లేనివాటిని 3 నెలల్లో పరిష్కరించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో గడువులు దాటిపోవడం సర్వసాధారణం.

ఒక్కరి లోపానికి దారేది?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా లోపభూయిష్ట వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి లభించింది. సంబంధిత నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అదే ఏడాది మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఇగ్నిషన్ కాయిల్ లోపం కారణంగా 2,36,966 మోటారు సైకిళ్లను స్వచ్ఛందంగా వెనక్కి పిలిపించింది. కానీ యజమానుల ఫిర్యాదుల ఆధారంగా ప్రభుత్వ ఆదేశం వెలువడాలంటే ఒకే రకం లోపంపై నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు రావాలి. ఒక వీధిలో ఒక బండికి సీలు కారడం ఈ లెక్కలోకి రాదు. ఆ ఒక్కరూ తన పోరాటం తానే చేసుకోవలసిందే.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ పరిశీలించదగినది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1982లోనే, పలుమార్లు మరమ్మతు చేసినా బాగుపడని కొత్త కార్ల కొనుగోలుదారులకు ఊరట కల్పించే చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2022 నుంచి అమలులో ఉన్న ఆదేశం ప్రకారం, వస్తువు అందిన ఏడాదిలోపు బయటపడిన లోపం అమ్మకం నాటికే ఉన్నదని భావిస్తారు. కాదని నిరూపించుకోవలసింది విక్రేతే.

భారతదేశంలో అటువంటి నిబంధన లేదు. ఇంజను డిజైను, విడిభాగాల తనిఖీ వివరాలు, అదే మోడలుపై వచ్చిన ఇతర ఫిర్యాదులు అన్నీ తయారీ సంస్థ వద్దనే ఉంటాయి. రుజువు చేయవలసిన వ్యక్తి చేతిలో మిగిలేది ఒక చమురు మరక, నాలుగు జాబ్‌కార్డులు మాత్రమే. కనీసం తొలి ఏడాదికైనా ఈ భారాన్ని అటువైపు మార్చనిదే, దగ్గరలోనే ఫిర్యాదు చేసుకునే హక్కు ఉన్నప్పటికీ సామాన్య కొనుగోలుదారుకు పూర్తి ఫలితం దక్కదు. అంతవరకు జాబ్‌కార్డు నకలును జాగ్రత్తగా దాచుకోవడమే అతనికున్న రక్షణ.