మైకు రూలు అందరికీ ఒకటే

క్రిస్మస్ దగ్గర పడితే చాలు, మన ఊళ్ళలో ఒకటే గొడవ. చర్చి మైకు ఆపాలంట, స్టార్ ఊరేగింపు మన బజారు మీదుగా రాకూడదంట.

ముందు మైకు సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం అనుమతిస్తే రాత్రి 12 వరకు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. అందులో చర్చి, గుడి, మసీదు అని తేడా లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు మోగితే భక్తి, చర్చిది మోగితే గోలా? ఆ వేళలో ఆపితే రెండూ ఆపండి. పాస్టరు గారికైనా ఇదే మాట చెప్తా.

ఇక బజారు. అది పంచాయతీ రోడ్డు, ఎవరి తాత సొత్తూ కాదు. నాట్లకు, కోతలకు మనుషులు కావాలంటే పొద్దున్నే పేటకెళ్ళి "రండమ్మా" అని బతిమాలతాం. అదే మనుషులు కొవ్వొత్తులు పట్టుకుని పాడుకుంటూ మన ఇంటి ముందుకొస్తే అడ్డమా? వినాయకుడి ట్రాక్టరుకు సరిపోయిన రోడ్డు స్టార్‌కు ఎట్లా ఇరుకవుద్ది?

అసలు మన మంట మతం మీదా, ఆ మనుషుల మీదా? గుండె మీద చెయ్యేసుకుని ఎవరికి వాళ్ళు చెప్పుకోండి. ఈసారి ఊరేగింపు వస్తే అడ్డం నిలబడకండి. గుమ్మం ముందు బిందెడు మంచినీళ్ళు పెట్టండి.