మద్య వ్యసన చికిత్స: సాధారణ వైద్యులకు శిక్షణ ఆవశ్యకత

దేశంలో మద్య వ్యసనపరుల్లో 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నదని కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ 2019లో వెలువరించిన జాతీయ సర్వే వెల్లడించింది. ఈ లోటును మానసిక వైద్య నిపుణులు మాత్రమే పూడ్చలేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి రోగులు పోటెత్తడం విదితమే. మద్యం హఠాత్తుగా మానినవారిలో కొందరికి మొదటి రెండు, మూడు రోజుల్లో మూర్ఛ, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. వారు ముందుగా చేరేది సమీప ప్రభుత్వాసుపత్రికే. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలన్న సూత్రం అక్కడి వైద్యునికి తెలిసి ఉండాలి. అది ఖరీదైన ఔషధమేమీ కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ దూరప్రాంత వైద్యులకు ఆన్‌లైన్ కేసు చర్చల ద్వారా శిక్షణ ఇస్తున్నది. దానికి వార్డులో రోగి పక్కన నేర్పే శిక్షణ కూడా తోడు కావలసి ఉంది.