బజారు దారి అడిగిన ముహాజిర్

రాయచోటి, కడప, నిజామాబాద్, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీ... ఈ ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇల్లు ఒక్కటైనా కనిపిస్తుంది. వీసాకు ఎంతయింది, జీతమెంత, నెలకు ఎంత పంపుతున్నాడు అనే లెక్కలన్నీ మనకు కంఠతా వచ్చు. కాని అక్కడ మనవాళ్లు ఎవరితో మాట్లాడుతున్నారు, కష్టమొస్తే ఎవరి తలుపు తట్టగలరు అని అడిగేవారు తక్కువ. పరాయి దేశంలో మనిషి నిలబడడానికి జీతం ఒక్కటే చాలదు.

మా చెల్లెలి కూతురు పెళ్లయిన మరుసటి ఏడు భర్త వెంట కువైట్ వెళ్లింది. ఫర్వానియాలో ఐదో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భర్త తెల్లవారగానే వెళితే మగ్రిబ్ దాటాకే రాక. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఏసీ చప్పుడు. ఆరు నెలలపాటు తల్లితో ఫోన్‌లో మాట్లాడడమే ఆ పిల్లకు బతుకైపోయింది. "మామూ, ఇక్కడ అన్నీ ఉన్నాయి. పేరుపెట్టి పిలిచేవాళ్లే లేరు" అంది ఒకరోజు. తిరిగి వచ్చేస్తానని పట్టుబట్టింది కూడా. చిన్నప్పుడే ఖుర్ఆన్ పారాయణం పూర్తిచేసిన పిల్లకు, కింద దుకాణంలో ఉల్లిపాయలు అడగడానికి అరబీ మాట రాలేదు.

ఆమెను గది దాటించింది పొరుగింటి ఈజిప్టు ఇల్లాలు. ఒకరోజు వెంటబెట్టుకుని నేషనల్ మ్యూజియం దగ్గరున్న సదూ హౌస్‌కు తీసుకెళ్లింది. సదూ అంటే ఎడారి బదూ స్త్రీల నేత. గొర్రె ఉన్ని, ఒంటె బొచ్చు, మేక వెంట్రుకలు కదురుతో వడికి, రంగులద్ది, నేలమీద పరచిన మగ్గంపై నేస్తారు. గుడారాల పట్టీలు, దిండ్లు, ఒంటె అలంకరణలు అన్నీ ఆ చేతులలోంచి వచ్చినవే. మేక వెంట్రుకల నేత వాన తగిలితే ఉబ్బి, నీటిని లోపలికి రానివ్వదు. ఈ నేతను 2020లో సౌదీ అరేబియా, కువైట్‌ల ఉమ్మడి వారసత్వంగా యునెస్కో తన జాబితాలో చేర్చింది. అంతకుముందే, 2011లో, ఎమిరేట్స్‌లోని సదూను తక్షణం కాపాడుకోవలసిన కళగా గుర్తించింది. నూనె డబ్బు వచ్చి గుడారాలు పోయాక నేసే చేతులూ తగ్గిపోయాయి మరి.

ఆ నేత చూడగానే మా పిల్లకు మన కురుబల గొంగళి గుర్తుకొచ్చింది. అక్కడే నేర్చుకోవడం మొదలుపెట్టింది. పడుగు పోగులు లెక్కపెడుతూ అరబీ అంకెలు పట్టుబడ్డాయి. దారం 'ఖైత్' అని, ఉన్ని 'సూఫ్' అని నోటికొచ్చింది. తప్పు పోగు వేస్తే పక్కనున్న పెద్దామె నవ్వి, చెయ్యి పట్టి సరిచేసేది. కొన్నాళ్లకు మనమ్మాయి తనకొచ్చిన మగ్గం వర్క్ వాళ్లకు చూపించింది. కొక్కెం సూదితో పూసలు కుట్టే ఆ వేగానికి వాళ్లు ముక్కున వేలేసుకున్నారట! తర్వాత కాన్పు సమయంలో ఆస్పత్రిలో ఆమె పక్కన కూర్చున్నది ఆ స్నేహితురాళ్లే. ఇంటికొస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

"సంపాదించడానికి వెళ్లినవాళ్లకు ఈ నేతలు, స్నేహాలు ఎందుకు? నాలుగు దీనార్లు వెనకేసుకుని వస్తే చాలదా?" అని మన పెద్దలు కొందరంటారు. వారి భయం అర్థం చేసుకోదగ్గదే. అప్పు చేసి వెళ్లినవాడికి ప్రతి దీనారూ లెక్కే. కాని ఒంటరితనంతో ఆడమనిషి కుంగిపోయి, సంసారం సగంలో తిరిగివస్తే ఆ నష్టాన్ని ఏ దీనారుతో కొలుస్తాం?

హిజ్రత్ చరిత్రే చూడండి. క్రీ.శ. 622లో మక్కా ముహాజిర్లు ఉన్నదంతా వదులుకుని మదీనా చేరారు. దైవప్రవక్త (స) వారిని అన్సార్లతో సోదరులుగా జతచేశారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌కు జతపడిన హజ్రత్ సఅద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, ఆ సగం వద్దని, బజారు దారి చూపిస్తే చాలన్నారు. నెయ్యి, జున్ను వ్యాపారంతో త్వరలోనే తన కాళ్లమీద నిలబడ్డారు. పరాయి ఊళ్లో కుదురుకోవడానికి కావలసిన రెండూ ఇందులో ఉన్నాయి. సోదరుడు కావాలి, చేతికి పని కావాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే బండి సాగదు.

ఇది మన నేలకూ కొత్త కాదు. ఏలూరు తివాచీల నేత పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం నేతగాళ్లతో వచ్చిందని చెబుతారు. ఒకప్పుడు వాళ్లు మనకు పరాయివాళ్లే. ఆ మగ్గం వాళ్లను ఊరివాళ్లను చేసింది.

అయితే ఒక మాట దాచకూడదు. ఈ అవకాశం కుటుంబంతో వెళ్లినవారిదే. ఇళ్లలో పనిచేసే మన ఆడపడుచులకు వారానికి ఒక పూట సెలవు దొరకడమే గగనం. క్యాంపుల్లో ఒకే గదిలో సర్దుకునే కుర్రాళ్లకు మగ్గం ఎక్కడ, తీరిక ఎక్కడ? అందుకే అక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నవారి మీద బాధ్యత ఉంది. శుక్రవారం జుమా తర్వాత ఊరివాడినొకణ్ణి భోజనానికి పిలవండి. సెలవు దొరికిన చెల్లెలికి మీ గదిలో ఒక పూట చోటివ్వండి. అన్సార్లు చేసింది ఇదే.

ఇక్కడి తల్లిదండ్రులకు ఒక మనవి. బిడ్డను పంపేటప్పుడు పెట్టెలో ఊరగాయ, అత్తరు సర్దుతాం. వాటితోపాటు నాలుగు అరబీ మాటలు, చేతికొక పని నేర్పి పంపుదాం. ఫోన్ చేసినప్పుడు "డబ్బు పంపావా?" అనే ముందు, "అక్కడ నీకు స్నేహితులెవరమ్మా?" అని అడుగుదాం.