అరకు మిరియం ఉండగా పొట్లం సూప్ ఎందుకు?

చలికాలం రాగానే అరకులోయకు జనం పోటెత్తుతారు. బొర్రా గుహలు చూసి, కాఫీ తోటల్లో తిరిగి, చీకటి పడగానే వేడివేడి సూప్ కోరుకుంటారు. తరచుగా వారి ముందుకు వచ్చేది పొట్లం చింపి మరిగే నీటిలో కలిపిన పొడి. ఆ పక్క తోటలోనే సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న తీగలపై మిరియాలు గుత్తులుగా కాస్తుంటాయి. ఘాటు పుట్టిన చోటనే ఘాటును పొట్లంలో కొని తాగడం కన్నా విడ్డూరం మరొకటి ఉంటుందా?

ఇది అరకుకే పరిమితమైన విషయం కాదు. "అన్నం మానేశాను డాక్టరుగారూ, రాత్రికి సూప్ మాత్రమే" అని గర్వంగా చెప్పేవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారికి నేను చెప్పేది ఒక్కటే: ముందు ఆ పొట్లం వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. మన దేశపు నిబంధనల ప్రకారం దినుసులను బరువు తగ్గే క్రమంలో ముద్రించాలి. మొక్కజొన్న పిండి, చక్కెర, ఉప్పు ముందు వరుసలో ఉండి, కూరగాయలు వెనుక ఎక్కడో ఉంటే, మీరు తాగుతున్నది ఉప్పు వేసిన గంజి. సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి దానిని రెండున్నరతో హెచ్చించండి. ఉప్పు లెక్క తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాములకు తక్కువ ఉప్పు చాలునంటున్నది. అంటే ఒక చెంచాకు లోపే. పచ్చడి, అప్పడం, ఊరగాయతో ఆ హద్దు ఎప్పుడో దాటిన మనకు, ఆరోగ్యం పేరిట మరికొంత ఉప్పు అవసరమా?

ఇక ఉల్లిపాయ సూప్ అనగానే "అది ఫ్రెంచివాళ్ళ ఖరీదైన వంటకం కదా" అంటారు. పారిస్‌లో లే ఆల్ అనే పెద్ద సంత ఉండేది. 1969లో దానిని నగరం వెలుపలి రాంజీస్‌కు తరలించారు. తెల్లవారుజామున అక్కడ బరువులు మోసే కూలీలు చలికి తాగినది ఈ సూపే. ఉల్లిపాయలు, ఎముకల రసం, ఎండిన రొట్టె, పైన కాస్త చీజ్: అదే దాని సామగ్రి. మన్యంలో పొలానికి వెళ్ళే మనిషి తాగే చోడి అంబలి కూడా శ్రమజీవి తిండే. ఒకదానిని పింగాణీ గిన్నెలో పోసి గౌరవిస్తున్నాం, రెండవదానిని పేదల తిండి అని చిన్నచూపు చూస్తున్నాం. నేను తప్పుపట్టేది ఈ చూపునే.

రెంటినీ ఒకే గిన్నెలో కలపవచ్చు. నలుగురికి లెక్క చెబుతాను. ఒక కప్పు ఉలవలను రాత్రి నానబెట్టి, ఆరు కప్పుల నీటితో కుక్కరులో ఉడికించి కట్టు వంచుకోండి. ఎముకల రసానికి బదులు ఇది. మిగిలిన ఉలవలు మరునాటి గుగ్గిళ్ళకు పనికొస్తాయి. అరకిలో ఉల్లిపాయలను సన్నగా, నిలువుగా తరిగి, మందపాటి గిన్నెలో రెండు చెంచాల నువ్వులనూనెతో సన్నని సెగపై వేయించండి. ముప్పావు గంట పడుతుంది. అడుగంటినప్పుడల్లా కాసిన్ని నీళ్ళు చిలకరించి గీకండి. రుచి అంతా ఆ గోధుమరంగు మడ్డిలోనే ఉంటుంది. ఉల్లిలోని సహజమైన తీపి బయటపడుతుంది కనుక చక్కెర అక్కరలేదు. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, ఒక పచ్చిమిర్చి, చెంచాడు కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు వేసి, కట్టు పోసి, పావుగంట మరిగించండి. చల్లని నీటిలో కలిపిన చెంచాడు చోడిపిండి పోసి మరో అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. ఉప్పు అర చెంచా మాత్రమే. దించాక నిమ్మరసం పిండి, మైదా రొట్టెకు బదులు కాల్చిన చోడి రొట్టె ముక్క పైన వేయండి. చీజ్ అవసరం లేదు.

గిన్నెకు ముప్పావు గ్రాము ఉప్పే పడింది, గమనించండి. పులుపు, ఘాటు కలిసినప్పుడు నాలుక ఉప్పును అంతగా అడగదు. నూరు గ్రాముల చోడిలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మైదాలో అందులో పదో వంతైనా లేదు.

"అంత తీరిక ఎక్కడిది?" అంటారా? గంటల తరబడి ఫోను చూసే ఇంట్లో ముప్పావు గంట సెగ దగ్గర నిలబడలేమంటే నేను నమ్మను. ఉల్లిని ఆదివారం వేయించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, మూడు రోజుల వరకు సూప్ పావుగంట పనే.

వైద్యుడిగా మరొక హెచ్చరిక. మిరియాలు మందు కాదు. "మిరియాల కషాయంతో సర్వరోగాలూ మాయం" అనే ప్రచారం కూడా పొట్లం ప్రకటనంత అబద్ధమే. ఈ సూప్ తాగుతున్నామని రక్తపోటు మాత్రలు మానకండి. ఛాతీలో మంట, పుల్లత్రేనుపులు ఉన్నవారు మిరియాలు తగ్గించండి. ఉల్లి తింటే కడుపు ఉబ్బరించేవారికి ఇది తగదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ వైద్యుని అడిగి తాగాలి.

మిరియాలు ఎక్కడ కొంటారన్నది కూడా ముఖ్యమే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యం రైతుల దగ్గర మిరియాలు సేకరించి అమ్ముతున్నది. అరకు వెళ్తే సంతలో అడగండి. పొట్లానికి పోసే డబ్బు ఆ తోటకు పోయనివ్వండి. మీ రక్తనాళాలకూ మంచిది, ఆ కొండలకూ మంచిది.